పెద్దన్న మోచెయ్యి

జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదు నాది. ఇంకా పాతికేళ్ళు నిండలేదు, చంకలో పిల్ల, పొయ్యి మీద పాలు. "ముసలవ్వ లెక్క మూలకు కూసొని గీ రాతలేందే, పాలు పొంగుతున్నయి సూడు" అని మా ఆయన కేకలేస్తూనే ఉంటాడు. జడ్చర్ల చౌరస్తాలో మాకొక చిన్న చాయ్ హోటల్ ఉంది. బస్సులు ఆగే చోటు కాబట్టి పొద్దస్తమానం మనుషులే మనుషులు, మాటలే మాటలు. నేనేమో మాట్లాడకుండా ఉండలేని దాన్ని. అలాంటిది మొన్న మా చిన్నన్న పట్నం నుంచి వచ్చిపోయినప్పటి నుంచి నోట మాట పెగలడం లేదు. నోటితో చెప్పలేనిది చేత్తోనన్నా పోతుందేమోనని కూర్చున్నాను. ఏడో తరగతి దాకా చదివిన చదువు నాది, తప్పులుంటే మీరే సర్దుకోండి.

చిన్నన్న బస్సు దిగి "ఎట్లున్నవ్ చెల్లె" అనలేదు. పిల్లను ఎత్తుకోలేదు. సంచి ఇంకా చేతిలోనే ఉంది, "అన్న కన్ను ఎట్లుంది?" అన్నాడు. "ముందుగాల నీ కండ్లు ఎట్లున్నయో సూసుకో, ఇంత పెద్ద చెల్లె కనవడ్తలేదా" అన్నాను నవ్వులాటకు. నవ్వలేదు. పెద్దన్న కుడి కంట్లో ముక్కు వైపు నుంచి కండ పెరుగుతోంది. మొదట్లో ఈగ రెక్కంత ఎర్రగా ఉండేది, ఇప్పుడు నల్లగుడ్డు మీదికి పాకింది. పాలమూరు దవాఖానలో చూపిస్తే డాక్టరు, ఏళ్ళ తరబడి ఎదురుగాలీ దుమ్మూ ఎండా తగిలినవాళ్ళకు ఇట్లా అవుతుందని, పట్నం పోయి కోయించుకోకపోతే ఆ కంటి చూపు పోతుందని చెప్పాడు. పెద్దన్న వినీ విననట్టు సైకిలెక్కి ఇంటికొచ్చేశాడు. కబురు మా ఆయన చిన్నన్నకు అందించాడు. అందులో 'ఎదురుగాలి' అన్న ఒక్క మాటే చిన్నన్నను బస్సెక్కించిందని నాకు తెలుసు.

మాది గొర్లు కాసే ఇల్లు. జడ్చర్ల నుంచి పాలమూరు పోయే రోడ్డు పక్క ఊరు. గొర్లు నాయినవి, బర్రెలు అమ్మవి, బర్రెల పాలు అన్నలవి. తెల్లారేసరికి పాలు పిండి క్యాన్లు నింపితే, బాలయ్య పెద్దన్న ఒక సైకిలు మీద, మల్లేశం చిన్నన్న ఒక సైకిలు మీద పాలమూరు హోటళ్ళకు తీసుకుపోయేవారు. ఎండ ముదిరితే పాలు విరుగుతాయి కనుక ఆ తొక్కుడు మామూలు తొక్కుడు కాదు. వానాకాలం మొదలైందంటే మా రోడ్డు మీద పడమటి గాలి మనిషిని వెనక్కి నెడుతుంది. చిన్నన్నకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. రొమ్ములో పిల్లికూతలు వినపడేవి. అందుకని పాలకు బయల్దేరిన మొదటి రోజే అమ్మ పెద్దన్న గదవ పట్టుకుని, "తమ్మునికి గాలి తగలనియ్యకు బిడ్డా" అని చెప్పిందట. ఆ ఒక్క మాటకు పెద్దన్న సైకిలు ముందుకొచ్చింది, చిన్నన్న సైకిలు దాని వెనక చక్రానికి జానెడు దూరంలో నిలిచింది. ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి సగం బలం చాలు. దానికి మా ఇంట్లో 'గాలి చాటు' అని పేరు.

నేను బడికి పోయింది కూడా ఆ సైకిలు మీదే. పెద్దన్న సైకిలు ముందు డండా మీద గోనెసంచి మడత వేసి నన్ను కూర్చోబెట్టేవాడు. ముఖానికి గాలి కొట్టి నా కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల మీదికి కారేవి. పెద్దన్న ముఖం నాకు కనిపించేది కాదు, నా నడినెత్తి మీద ఆయన ఊపిరి మాత్రం వేడిగా తగిలేది. ఎత్తు వచ్చిందంటే ఆ ఊపిరి కొలిమి తిత్తిలా లేచేది. క్యాన్ల చప్పుడు, పాల వాసన, చెమట వాసన, చైనుకు పూసిన ఆముదం వాసన. పాలమూరులో దిగాక చూస్తే పెద్దన్న కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి, నీళ్ళు కారుతుండేవి. చిన్నన్న కళ్ళు ఎప్పుడూ పొడిగా, అప్పుడే నిద్ర లేచినట్టు తేటగా ఉండేవి. సాయంత్రం అయిందంటే అమ్మ నాకు చెప్పే పని ఒకటే: దొడ్లో నందివర్ధనం పూలు కోసి నీళ్ళలో వేయడం. పెద్దన్నను అరుగు మీద పడుకోబెట్టి, మంట చల్లారాలని మూసిన కళ్ళ మీద అమ్మ ఆ తడి పూలు పెట్టేది. "శవం మీద పెట్టినట్టు పెడ్తున్నవేందే అమ్మా" అని ఆయన నవ్వితే పూలు జారిపోయేవి. "నోర్మూయ్ రా, పాడు మాటలు" అని అమ్మ మళ్ళీ పెట్టేది.

పందాల సంగతి పాలమూరులో సైకిళ్ళు అమ్మే, కిరాయికిచ్చే ఒక సేటు వల్ల మొదలైంది. రోజూ పాలతో వీళ్ళు పోయే వేగం చూసి, ఒకనాడు ఆపి, "క్యాన్లు లేకుంటే ఎట్ల పోతరు రా మీరు?" అని అడిగాడట. అప్పటి నుంచి మా అన్నలు సేటు మనుషులు. సన్న చక్రాల సైకిళ్ళిచ్చాడు, నెలకింత అని జీతం కట్టాడు, నల్లగొండ, భువనగిరి, నారాయణపేట, ఎక్కడ పందెం ఉన్నా సామాన్ల లారీలో తీసుకుపోయేవాడు. అమ్మ ఇద్దరి బనీన్లూ నీలిమందులో ముంచి ఒకే రంగు చేసేది. పందెంలో వీళ్ళ పద్ధతి పాల పద్ధతే. మొత్తం దూరం పెద్దన్న గాలిలో, చిన్నన్న చాటులో. చివర సున్నం గీత కనపడగానే పెద్దన్న ప్రాణమంతా పెట్టి వేగం పెంచి, ఎడమ మోచెయ్యి కోడి రెక్కలా ఒక్కసారి ఎగరేసి, పక్కకు తప్పుకునేవాడు. ఆ మోచెయ్యి కోసమే కాచుకుని ఉన్న చిన్నన్న వడిసెల రాయిలా దూసుకుపోయేవాడు. ఇక అతన్ని పట్టినవాడు లేడు. నాయిన ఒకసారి చూసొచ్చి అమ్మతో, "గొర్లల్ల ముంగట నడిచిందానికి పచ్చగడ్డి దొరుకుతది. గీ సైకిళ్ళల్ల ముంగట ఉన్నోనికి గాలి తప్ప ఏమొస్తలేదే" అన్నాడు. అందరం నవ్వాం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను, బాగా గుర్తు.

భువనగిరిలో గుట్ట కింద గీత గీసిన పందెంలో చిన్నన్నను జనం భుజాల మీద ఎత్తుకుని బజారంతా తిప్పారట. ఆ గందరగోళంలో పెద్దన్న చేదబావి దగ్గర ముఖం కడుక్కుంటుంటే ఒకతను వచ్చి, "గెలిచిన పిల్లగాని సైకిల్ తుడిచెటోనివా?" అని అడిగాడట. "ఔనయ్యా" అని చెప్పి నిజంగానే తుడిచాడట. ఈ ముచ్చట చిన్నన్నే ఇంట్లో పడీపడీ నవ్వుతూ చెప్పాడు. గెలిచి వచ్చినవాడికి మా వాకిట్లో ఒక పద్ధతి ఉండేది. అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంలో హారతి వెలిగించి గడప అవతలే నిలబెట్టి దిష్టి తీసేది, బొట్టు పెట్టేది, నేను పళ్ళెం పట్టుకునేదాన్ని. అది చిన్నన్నకు. పెద్దన్న ఆ లోపల రెండు సైకిళ్ళూ పట్టుకుని పక్క సందులోంచి దొడ్లోకి పోయి, కొబ్బరి పీచుతో రుద్ది కడుగుతుండేవాడు. పళ్ళెం దొడ్లోకి ఎందుకు పోలేదో ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నం దిగదు. అప్పుడు మాత్రం అది ఇంటి పద్ధతి, అంతే.

ఒక ఏడు సేటు ఇంటికే వచ్చాడు. పట్నంలో ఒక కంపెనీ సైకిలు తొక్కేవాళ్ళను జమ చేస్తోందని, జీతంతో పాటు కార్ఖానాలో పక్కా నౌకరీ ఇస్తుందని, జడ్చర్ల నుంచి పాలమూరు దాకా పెట్టే పందెంలో మొదట వచ్చినవాణ్ణి తీసుకుపోతుందని చెప్పాడు. "ఇద్దర్ని తీస్కపోరా సేటూ?" అని నాయిన అడిగాడు. "ఒక్కన్నే. గెలిచినోన్నే." సేటు పోయాక నాయిన చాలాసేపు చుట్ట కాల్చాడు. పెద్దన్నకు అప్పటికి పెండ్లయింది, వదిన నీళ్ళోసుకుని ఉంది. "చిన్నోనికి ఇంక శాన పందాలున్నయి. పెద్దోనికి గిదే ఆఖరుది. గీ ఒక్కసారి వాడు గెలవాలె" అన్నాడు నాయిన. తన భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచాడు. మా ఇండ్లల్లో పంచాయితీ అయినా పెండ్లి మాట అయినా గొంగడి మీదే. దాన్ని ముట్టుకుని అన్న మాట బీరప్ప దేవుడి ముందర అన్నట్టే. చిన్నన్న వెనకాముందూ చూడలేదు. రెండు చేతులూ గొంగడికి ఆనించి, "ఈసారి ముంగట నేనుంట. అన్నను గీత దాటిస్త" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. ఇది నేను ఎవరి ముందరైనా చెబుతాను.

ఆ మరునాడు పెద్దన్న నన్ను దొడ్లోకి పిలిచాడు. అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ, "చెల్లె, గీత దాటినంక గెలిచినోడు ఏం చేస్తడే?" అని అడిగాడు. నేను తెల్లబోయాను. ఇన్ని పందాలు తొక్కిన మనిషి, గీత దాటాక ఏం చేయాలో తెలియదు! "చేతులు రెండూ ఇడిసిపెట్టి పైకి ఎత్తాలె అన్నా, చిన్నన్న ఎత్తుతడు గదా." "సైకిల్ పడదా?" "పడదు, ఎత్తి సూడు." బర్రెల కొట్టం పక్కన మెల్లగా తొక్కుతూ రెండు చేతులూ ఎత్తాడు. హ్యాండిలు వంకర పోయి పేడకుప్పలో పడ్డాడు. ఇద్దరం నవ్వలేక చచ్చాం. మళ్ళీ లేచి ఎక్కాడు. సాయంత్రానికి చేతులెత్తడం వచ్చేసింది. "సాలు తియ్, మరీ గంత పైకెత్తితే నవ్వుతరు" అన్నాడు ఆయనే.

పందెం ఆషాఢంలో పడింది. పడమటి గాలి ఎదురు. నేనూ నాయినా పాలమూరులో సున్నం గీత దగ్గర నిలబడ్డాం. అక్కడికి వచ్చే రోడ్డు చిన్న ఎత్తు దిగి చాలా దూరం సాఫుగా వస్తుంది, కాబట్టి అంతా కనిపించింది. ఎత్తు మీద మొదట చిన్నన్న నీలి బనీను కనిపించింది, వెనకే పెద్దన్నది. నాయిన నా భుజం నొక్కి పట్టుకున్నాడు. కానీ చిన్నన్న తల ఊగుతోంది. పాపం, అంతదూరం గాలిలో ఉండటం ఎట్లాగో అతనికి ఎవరు నేర్పారు? ఎంత దాచుకోవాలో, ఎప్పుడు వాడాలో తెలియక తొందరపడి ముందే లాగేశాడు. చూస్తుండగానే తొక్కుడు మెత్తబడింది, నోరు తెరుచుకుంది. కర్నూలు వైపు నుంచి పందానికి వచ్చిన ఇద్దరు పక్కనుంచి ముందుకు వస్తున్నారు. పెద్దన్న అప్పుడు పక్కకు వచ్చాడు. కాళ్ళల్లో బలం ఉంది, ముందు రోడ్డు ఖాళీగా ఉంది. నేరుగా పోతే చాలు. పోలేదు. తమ్ముడి రొమ్ములో పిల్లికూతలు వినపడ్డాయేమో, తల తిప్పి చూశాడు, వేగం తగ్గించాడు, సైకిలును తీసుకొచ్చి తమ్ముడి ముందు పెట్టాడు. చిన్నన్న చక్రం ఆ చాటులోకి దానంతట అది జారింది. కర్నూలువాళ్ళను వెనకేసుకుని ఇద్దరూ గీత వైపు వచ్చారు, రోజూ పాలకు వచ్చినట్టే. గీత కనపడింది. పెద్దన్న ఎడమ మోచెయ్యి ఎగిరింది.

అంతే. అది ఎగిరితే చిన్నన్న కాళ్ళు ఆగుతాయా? ఏళ్ళ తరబడి ఆ మోచెయ్యి ఎగిరినప్పుడల్లా దూకిన కాళ్ళవి. దూకాయి. గీత దాటాక గానీ తాను ఎక్కడున్నాడో చిన్నన్నకు తెలియలేదు. చేతులు ఎత్తలేదు. వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క చక్రం వెనకగా గీత దాటుతున్న పెద్దన్న రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉన్నాయి. జనం కేకలు పెడుతూ చిన్నన్న మీద పడ్డారు. నాయిన నా భుజం వదిలేశాడు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ హారతి వెలిగించి వాకిట్లో నిలబడి ఉంది. ఆ రోజు కొత్త కుంకుమ, కొత్త ఒత్తి. వదిన పక్కన నిలబడి కొంగు సర్దుకుంటోంది. అమ్మ మా ముఖాలు చూసింది, "ఎవలు?" అంది. పెద్దన్న రెండు సైకిళ్ళూ పట్టుకుని సందులోకి మళ్ళాడు. చిన్నన్న గడప దగ్గరికి రాలేదు, ఆయన వెనకే సందులోకి పోయాడు. అమ్మ ఆ పళ్ళెం అట్లాగే పట్టుకుని చాలాసేపు నిలబడి, గాలికి ఒత్తి ఆరిపోయాక ఎర్రనీళ్ళు రోడ్డు మీద పారబోసింది. నేను కొబ్బరి పీచు ఇవ్వడానికి దొడ్లోకి పోతే చిన్నన్న నేల మీద కూర్చుని ఉన్నాడు.

"కొట్టన్నా నన్ను. గొంగడి మీద ఒట్టేసిన."

"నిన్నెందుకు కొడుత రా? నా చెయ్యి గద లేసింది. నేను లేపలే తమ్మీ, దానంతట అదే లేసింది."

"నా కాళ్ళు గూడ నేను కదిపియ్యలే అన్నా."

"మరింకేంది? చేతులది, కాళ్ళది పంచాయితీ. మనకేం సంబంధం" అని పెద్దన్న నవ్వి, నా చేతిలోంచి పీచు తీసుకుని, ముందు చిన్నన్న సైకిలే కడిగాడు. చిన్నన్న పట్నం పోనని మొండికేస్తే, "ఇద్దరం పోకుంటె ఇంట్లకు ఎవలు తెస్తరు రా" అని బస్సెక్కించింది కూడా ఆయనే. నాయిన మాత్రం ఆ గొంగడిని పసుపునీళ్ళు చల్లి ఎండలో వేశాడు. మళ్ళీ దాని మీద ఎవరిచేతా మాట తీసుకోలేదు.

ఆ నౌకరీ మా ఇంటిని నిలబెట్టింది, కాదనను. నా ఏడో తరగతి పుస్తకాలు చిన్నన్న కొన్నవే. నా కాళ్ళకు మొదటి చెప్పులు ఆయన తెచ్చినవే. పెండ్లికి నారాయణపేట చీర తెచ్చాడు, ఎర్ర అంచు, చేత్తో నిమిరితే నీళ్ళలా జారేది. అది కట్టుకుని పెద్దన్న కాళ్ళు మొక్కడానికి వంగితే, పాలు పోసి నేరుగా వచ్చిన ఆ పాదాలకు దుమ్ము అట్లాగే ఉంది, నా చీర అంచు దానికి తగిలింది. తలెత్తలేకపోయాను. నేనేం చేశానని? ఏమీ చేయలేదు. ఎవరమూ ఏమీ చేయలేదు. అందరం ఆయన వెనక చాటులో కూర్చుని ముఖానికి గాలి తగలకుండా ఇక్కడి దాకా వచ్చాం, అంతే. చిన్నన్న పట్నంలో చాలా పందాలు తొక్కాడు గానీ ఒక్కటీ గెలవలేదు. నాలుగోవాడు, ఐదోవాడు. "గక్కడ నా ముంగట ఎవడుంటడు చెల్లె? ఉన్నా నా కోసరం ఉండడు" అన్నాడొకసారి. కొన్నాళ్ళకు సైకిలు పక్కన పెట్టి కార్ఖానా పనికే ఉండిపోయాడు. పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది. పెద్దన్న ఇప్పటికీ పాలు తొక్కుతున్నాడు, ఇప్పుడు పాలమూరుకు కాదు, ఇటు జడ్చర్లకు, మా హోటల్‌కు. అమ్మ పోయింది. దొడ్లో నందివర్ధనం ఉంది గానీ కోసి తడిపి పెట్టేవాళ్ళు లేరు. వదినకు బర్రెలతోనే తెల్లారుతుంది, నాకు ఇక్కడ బస్సులతో.

మొన్న చిన్నన్న వచ్చింది ఆయన్ను పట్నం కంటి దవాఖానకు తీసుకుపోవాలని. సాయంత్రం ఊరికి నేనూ వెంట పోయాను. పెద్దన్న చిన్నన్నను చూసి సంబరపడ్డాడు, పొట్ట మీద తట్టాడు, కన్ను సంగతి ఎత్తగానే మాత్రం బర్రె దూడ వైపు పోయాడు. "ఒక కన్ను పోతె ఇంకోటున్నది గదరా. పాలెవరు పోస్తరు?" "నేను మనిషిని పెడ్త." "నీ మనిషి పాలల్ల నీళ్ళు కలుపుతడు." "అన్నా, నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారన్నా నన్ను చెయ్యనియ్యి." పెద్దన్న, వాతావరణం తేలిక చేయడానికే అనుకుంటా, "సరే తియ్. రేపు పొద్దున పాలతోని జడ్చర్ల దాంక నువ్వు ముంగట తొక్కు. తొక్కితివా, బస్సెక్కుత. లేకుంటె లేదు" అన్నాడు. చలికాలం, ఈశాన్యం గాలి, ఎదురు. చిన్నన్న సైకిలు ఎక్కి ఎన్నేళ్ళయిందో. "తొక్కుత" అన్నాడు. ఆయన ముఖం గొంగడి మీద చేతులు పెట్టిన నాటి ముఖంలానే ఉంది. నాకు భయమేసింది.

నేను రాత్రికే బస్సులో వచ్చేసి, పొద్దున్నే హోటల్ ముందు నిలబడ్డాను. మంచు విడుతుంటే క్యాన్ల చప్పుడు ముందు వినపడింది. తర్వాత మనుషులు కనిపించారు. ముందు పెద్దన్న. వెనక చక్రానికి జానెడు దూరంలో, తల వంచుకుని, చిన్నన్న. ఇక ఆ కన్ను పోయినట్టే అనుకున్నాను. పెద్దన్న దిగి, క్యాను విప్పుతూ, "పట్నంకు ఏ బస్సున్నదే?" అన్నాడు.

"పోతున్నవా? మరి చిన్నన్న ఓడిపోయిండు గద!"

"ఎవలన్నరు? రైలు గేటు దాంక వాడే లాగిండు. ఆడికొచ్చినంక వానికి దమ్ము పట్టింది, రొమ్ముల పిల్లికూతలు. ఎట్ల సూసుకుంట ఎనకుండాలె నేను? అమ్మ ఏం చెప్పింది నాకు?" అని, ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుంటూ క్యాను ఎత్తుకుని లోపలికి పోయాడు. ఎదురుగాలికి ఆయన రెండు కళ్ళూ ఎప్పటిలాగే నీళ్ళు కారుతున్నాయి.

చిన్నన్న సైకిలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. రైలు గేటు నుంచి ఇక్కడి దాకా అన్న చాటునే వచ్చాడు, ఒక్క పోగు గాలి కూడా తగిలి ఉండదు. అతని కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. నేను చూడటం చూసి, "గాలి చెల్లె" అన్నాడు.

"అవునన్నా, శాన గాలి" అన్నాను.